ఆఫీసు నెట్‌వర్క్‌లో గడియారాలన్నీ కలిసి నడవాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఉండే క్వార్ట్జ్ స్ఫటికం చవకది. పది లక్షల సెకన్లు గడిచేసరికి అది ఇరవై సెకన్లు తప్పినా దాన్ని పాడైన స్ఫటికం అనరు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఆ లెక్కన రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైచిలుకు తేడా వస్తుంది. ఒక యంత్రం ముందుకు, పక్కది వెనక్కు నడిస్తే నెల తిరిగేసరికి ఆ రెండింటి మధ్య ఎడం నిమిషంన్నర దాటుతుంది. పైగా స్ఫటికం నడక వేడిని బట్టి మారుతుంది. ఏసీ గదిలోని సర్వరు, మే నెలలో ఫ్యాను కింద నడిచే బిల్లింగ్ కంప్యూటర్ ఒకే తీరున తప్పవు కూడా.

గడియారాలను కలపక తప్పదు, అందుకు దారులూ చాలానే ఉన్నాయి. చిక్కల్లా వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడంలోనే. పదిహేను నుంచి రెండు మూడు వందల వరకు యంత్రాలున్న చోట, అంటే కళాశాల ల్యాబులో, ఆస్పత్రిలో, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో, కర్మాగారంలో నెట్‌వర్క్ చూసుకునే వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. ఇలాంటి చోట్ల చాలావాటికి లోపలే ఎప్పుడూ నడిచే రెండు లైనక్స్ యంత్రాలు, వాటి మీద క్రోనీ అనే గడియారం సర్దే ప్రోగ్రాము, మిగతావన్నీ వాటిని అనుసరించడం సరిపోతుంది. ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే జీపీఎస్ పెట్టె కొనాల్సిన వారు తక్కువ. మైక్రోసెకన్ల సూక్ష్మత కోసం వాడే పీటీపీ పద్ధతి అవసరమయ్యేవారు ఇంకా తక్కువ.

ఎంత తేడా భరించగలరు?

ఎంపిక ఇక్కడ మొదలవ్వాలి. విండోస్ డొమైన్‌లో, అంటే ఒకే కేంద్రం నుంచి లాగిన్లు నడిచే కంప్యూటర్ల గుంపులో, లాగిన్ చూసే కెర్బరోస్ మామూలు అమరికలో ఐదు నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. అది దాటితే లాగిన్ కుదరదు, పాస్‌వర్డ్ తప్పిందేమోనని అందరూ కీబోర్డు మీద విరుచుకుపడతారు. ఫోను యాప్‌లో మారుతూ ఉండే ఆరంకెల కోడ్లు సాధారణంగా 30 సెకన్లకొకసారి మారతాయి. సర్వరు గడియారం నిమిషం తప్పితే సరైన కోడ్‌ను కూడా తిప్పికొడుతుంది. ఫైల్ సర్వరు మీద ప్రోగ్రాములు కంపైల్ చేసే చోట ఒకటి రెండు సెకన్ల తేడా చాలు, ఇప్పుడే మార్చిన ఫైలు పాతదనుకుని కంపైల్ పని నడిపే మేక్ అనే సాధనం దాన్ని వదిలేస్తుంది. ఇక ఏదైనా చొరబాటు జరిగి ఫైర్‌వాల్, సర్వరు, డెస్క్‌టాప్ లాగులు (ఏ క్షణంలో ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు) పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు సెకనులో పదోవంతు తేడా ఉన్నా ఫలితం ముందు, కారణం తర్వాత కనబడి దర్యాప్తు దారి తప్పుతుంది.

ఇవన్నీ కలిపి చూసినా మామూలు ఆఫీసుకు కావలసింది పది మిల్లీసెకన్ల లోపు తేడా. నెట్‌వర్క్ మీద సమయం అడిగి తెలుసుకునే ఎన్టీపీ పద్ధతిని బాగా అమర్చుకుంటే అది కష్టం కాదు. ధ్వని, వీడియో ప్రసారాలు, విద్యుత్ సబ్‌స్టేషన్లు, వేగవంతమైన షేర్ల వ్యాపారం, టెలికాం టవర్లు మాత్రం మైక్రోసెకన్లలో లెక్కపెట్టుకునే లోకం. యూరోపియన్ యూనియన్ షేర్ మార్కెట్ నిబంధనలు అతివేగ వ్యాపారానికి 100 మైక్రోసెకన్ల హద్దు పెట్టాయి. మీ పని ఆ లోకంలో లేనప్పుడు ఆ లోకపు ఖర్చు మీకెందుకు?

రెండో సంగతి చాలామంది గమనించరు. నిజమైన సమయంతో కలవడం ఒకటి, ఒకదానితో ఒకటి కలవడం మరొకటి. బయటి ప్రపంచంతో ఐదు మిల్లీసెకన్లు తేడా ఉన్నా లోపలి యంత్రాలన్నీ ఒకే విధంగా ఐదు మిల్లీసెకన్లు తప్పి ఉంటే లాగుల వరుస చెడదు. కింద వచ్చే పోలికలన్నింటిలో ఈ తేడాను గుర్తుంచుకోండి.

మూడోది ఇంటర్నెట్. లైను రోజంతా లేకపోయినా లోపలి యంత్రాలు ఒకే సమయం చెప్పాలా? ఆస్పత్రిలో, కర్మాగారంలో చెప్పాల్సిందే.

ప్రతి యంత్రమూ నేరుగా బయటికి

ఏమీ చేయకుండా వదిలేస్తే జరిగేది ఇదే. విండోస్ తన సంస్థ సర్వరును, ఉబుంటు తన సర్వరును, సీసీటీవీ పెట్టె ఇంకెవరినో అడుగుతాయి. ఐదారు కంప్యూటర్లున్న చోట ఇంతకు మించి తంటా పడనవసరం లేదు.

యంత్రాలు పెరిగాక ఇందులోని లోటు బయటపడుతుంది. ఎన్టీపీ పనిచేసే తీరు చూస్తే అదెందుకో తెలుస్తుంది. అడిగే యంత్రం ప్రశ్న పంపిన సమయం, సర్వరుకు అది చేరిన సమయం, జవాబు బయల్దేరిన సమయం, తిరిగి చేరిన సమయం అనే నాలుగింటిని పట్టుకుని తేడా లెక్కిస్తారు. పోయే దారికి, వచ్చే దారికి పట్టిన సమయం సమానమని ఆ లెక్క నమ్ముతుంది. అలా కాని పక్షంలో ఆ అసమానతలో సగం నేరుగా గడియారంలో తప్పుగా చేరుతుంది. అప్‌లోడ్ నిండిపోయిన బ్రాడ్‌బ్యాండ్ మీద పోయే దారి 20 మిల్లీసెకన్లు ఎక్కువైతే గడియారం 10 మిల్లీసెకన్లు తప్పు. ఈ తప్పు ఒక్కో యంత్రానికి ఒక్కో విధంగా ఉంటుంది, ఎందుకంటే అవి అడిగే సర్వర్లు వేరు, అడిగే క్షణాలు వేరు. అదే ఒక యంత్రం బయట అడిగి, మిగతావి లోపల ఆ ఒక్కదాన్నే అడిగితే తప్పు అందరికీ ఒకటే అవుతుంది. లోపలి తీగ మీద అసమానత లేదన్నంత చిన్నది.

విండోస్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. డొమైన్‌లో చేరని విండోస్ కంప్యూటర్ చాలా ఏళ్లపాటు వారానికి ఒక్కసారే సమయం అడిగేలా అమర్చి ఉండేది. వారంలో పన్నెండు సెకన్లు తప్పడానికి పైన చెప్పిన స్ఫటికం చాలు. ఆ వ్యవధిని రిజిస్ట్రీలో తగ్గించవచ్చు, కానీ వంద యంత్రాల్లో ఒక్కొక్కటిగా ఆ పని ఎవరు చేస్తారు?

మరో మాట మర్యాదకు సంబంధించినది. బయటి ఉచిత సర్వర్లలో చాలావాటిని స్వచ్ఛందంగా నడుపుతున్నారు. 2003లో ఒక హోం రూటరు తయారీదారు తన ఉత్పత్తులన్నింటిలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సమయ సర్వరు చిరునామాను పాతేసింది. జవాబు రాకపోతే సెకనుకొకసారి అడిగేలా ఉన్న ఆ రూటర్ల వరదను విశ్వవిద్యాలయం చాన్నాళ్లు భరించాల్సి వచ్చింది. మీ మూడు వందల యంత్రాలు అంత పని చేయవు, నిజమే. అయినా ఇద్దరు అడిగి తెచ్చి పంచితే సరిపోయేదానికి మూడు వందల మంది వెళ్లడం ఎందుకు?

లోపలే ఒక సర్వరు: ఏ యంత్రం మీద?

మొదట చూడాల్సింది రూటరు లేదా ఫైర్‌వాల్. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్, మైక్రోటిక్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ఇవన్నీ సమయ సర్వరుగా పనిచేయగలవు. కొత్త యంత్రం కొనక్కర్లేదు, ఎలాగూ ఇరవైనాలుగు గంటలూ నడిచేదే. యాభై యంత్రాల లోపు ఉంటే నేను ఇక్కడితోనే ఆగిపొమ్మంటాను. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే రూటరును మాత్రం దీనికి లెక్కలోకి తీసుకోవద్దు. వాటిలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు, ఉన్నవాటిలోనూ పనిచేస్తోందో లేదో చూసే దారి ఉండదు.

విండోస్ డొమైన్ ఉన్న చోట ఎంపిక సగం ముందే జరిగిపోయి ఉంటుంది. డొమైన్‌లో చేరిన కంప్యూటర్లు తమ డొమైన్ కంట్రోలరును, అంటే లాగిన్లు చూసే సర్వరును, అనుసరిస్తాయి, కంట్రోలర్లన్నీ చివరికి పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న ఒక్కదాన్ని అనుసరిస్తాయి. ఈ వరుసను మార్చే ప్రయత్నం చేయకండి. ఆ పైనున్న ఒక్క కంట్రోలరుకు సరైన సమయం అందిస్తే కింద అంతా సర్దుకుంటుంది. చాలాచోట్ల చేయకుండా వదిలేసేది సరిగ్గా ఈ ఒక్క పనే. పీడీసీ ఎమ్యులేటర్ తన సొంత గడియారాన్నే నమ్ముకుని నడుస్తుంటే డొమైనంతా ఐకమత్యంగా మూడు నిమిషాలు వెనకబడి ఉంటుంది. లాగిన్లకు ఇబ్బంది ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, హాజరు యంత్రంతో జీతాల దగ్గర పేచీ వచ్చేదాకా.

వంద దాటితే, లేదా లైనక్స్, విండోస్, కెమెరాలు, పారిశ్రామిక నియంత్రికలు కలగలిసి ఉంటే రెండు ప్రత్యేక లైనక్స్ యంత్రాలు పెట్టడం మంచిది. పాత డెస్క్‌టాప్ చాలు, పనిభారం లేనట్టే. మరో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ యంత్రం కన్నా నిజమైన యంత్రం మేలు. రాస్ప్‌బెర్రీ పై కూడా పనికొస్తుంది కానీ ఒక మెలిక ఉంది. నాలుగో తరం వరకు ఆ బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వస్తే బోర్డుకు సమయమే తెలియదు, అప్పుడు ఇంటర్నెట్ కూడా లేకపోతే అది మొత్తం నెట్‌వర్క్‌కు పాత తేదీ పంచే ప్రమాదముంది. 2023లో వచ్చిన ఐదో తరంలో గడియారం పెట్టారు, దాని బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. పాత బోర్డుకు చిన్న గడియారం మాడ్యూల్ తగిలించకుండా ఈ పని అప్పగించకండి.

ఏ సాఫ్ట్‌వేర్?

ఎన్టీపీని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ రూపొందించారు. దాని మొదటి నిర్వచనం 1985లో వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో రూపం 2010లో ప్రమాణమైంది. ఆయన బృందం రాసిన ఎన్టీపీడీ అనే ప్రోగ్రాము దశాబ్దాల పాటు దాదాపు ఏకైక ఎంపిక. అది తెలియని పరికరం లేదు, దాని అమరికలు కంఠతా వచ్చిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కానీ రోజంతా నడిచే సర్వర్లు, తెగని లైన్లు ఉన్న కాలానికి అది తయారైంది. తేడా 128 మిల్లీసెకన్లు దాటితే గడియారాన్ని ఒక్కసారిగా జరుపుతుంది. తేడా 1000 సెకన్లు దాటితే ఇక తన వల్ల కాదని ఆగిపోతుంది. మెల్లగా సర్దేటప్పుడు దాని గరిష్ఠ వేగం పది లక్షలకు 500, అంటే ఒక్క సెకను తేడాను సర్దడానికి 2000 సెకన్లు, అరగంట పైమాట. కరెంటు పోయి వచ్చే చోట ఈ నిదానం భరించడం కష్టం.

క్రోనీని రిచర్డ్ కర్నో 1990లలో మొదలుపెట్టారు. అప్పుడప్పుడూ మాత్రమే లైను దొరికే డయలప్ కంప్యూటర్ల ఇబ్బంది దాని పుట్టుకలోనే ఉంది. లైను ఉన్న కాసేపట్లో స్ఫటికం ఏ దిశలో ఎంత తప్పుతోందో లెక్కగట్టి, లైను లేనప్పుడు ఆ లెక్క ప్రకారం దిద్దుకుంటూ పోతుంది. మన దగ్గర చాలా ఊళ్లలో లైను తీరు ఇప్పటికీ దానికి తగ్గట్టుగానే ఉంది. మొదలైన వెంటనే సెకను కన్నా ఎక్కువ తేడా కనిపిస్తే మొదటి మూడు కొలతల్లో మాత్రమే జరిపి, ఆ తర్వాత ఎంత తేడా వచ్చినా మెల్లగానే సర్దేలా దాన్ని అమర్చుకోవడం పరిపాటి. ఆ మెల్లదనం కూడా ఎన్టీపీడీ అంత మెల్లగా ఉండదు, అవసరమైతే గడియారాన్ని పన్నెండో వంతు వేగంగా లేదా నిదానంగా నడపగలదు. నడుస్తున్న డేటాబేస్ కింద గడియారం హఠాత్తుగా వెనక్కు గెంతితే ఏమవుతుందో చూసినవారికి ఇది ఎంత నయమో వేరే చెప్పక్కర్లేదు. ఖచ్చితత్వం విషయంలో, ఇంటర్నెట్ మీద కొన్ని మిల్లీసెకన్లు, లోపలి నెట్‌వర్క్ మీద పదుల మైక్రోసెకన్లు మామూలుగా వస్తాయని దాని పత్రాలే చెబుతున్నాయి. రెడ్‌హ్యాట్ లైనక్స్ తన ఎనిమిదో రూపంలో ఎన్టీపీడీని పూర్తిగా తీసేసి క్రోనీనే ఉంచింది.

క్రోనీని సర్వరుగా వాడేటప్పుడు రెండు సంగతులు మరవకూడదు. అనుమతి ఇవ్వనిదే అది ఎవరికీ జవాబివ్వదు, కాబట్టి మీ లోపలి చిరునామాల శ్రేణిని అమరిక ఫైలులో అనుమతించాలి. దాన్ని అక్కడికే పరిమితం చేయండి. అందరికీ తెరిచిపెట్టిన ఎన్టీపీ సర్వర్లను 2014 ఫిబ్రవరిలో దాడులకు వాడుకున్నప్పుడు వచ్చిన వరద సెకనుకు 400 గిగాబిట్లకు చేరింది. అప్పుడు దుర్వినియోగమైంది ఎన్టీపీడీలోని ఒక పాత ఆదేశం, అయినా పాఠం అన్నింటికీ వర్తిస్తుంది. రెండోది లోకల్ అనే అమరిక. ఒకసారి సమయం అందుకున్న క్రోనీ లైను పోయినా జవాబిస్తూనే ఉంటుంది. కానీ లైను లేని వేళ సర్వరు ఆగి మళ్లీ మొదలైతే తనకే సమయం తెలియదని చెప్పి అందరినీ తిప్పి పంపుతుంది. లోకల్ అమరిక ఉంటే తన సొంత గడియారాన్నే, పదో అంచె (అసలు మూలానికి ఎంత దూరమో చెప్పే అంకె) లాంటి తక్కువ హోదాతో, పంచుతుంది. నిజమైన సమయం అందగానే ఆ హోదా దానంతట అదే పోతుంది. రెండు సర్వర్లున్నప్పుడు ఆర్ఫన్ అనే మాట కూడా చేర్చాలి, లేకపోతే లైను లేని వేళ రెండూ ఎవరి సమయం వారు పంచుతాయి.

చాలా లైనక్స్‌లలో ఉండే సిస్టమ్‌డీతో వచ్చే టైమ్‌సింక్‌డీ తెలుసుకోవడమే తప్ప పంచడం తెలియనిది. ఒకసారికి ఒక్క సర్వరునే అడుగుతుంది, నలుగురి మాటా పోల్చి చూడదు. లోపల నమ్మదగిన సర్వరు ఉన్న లైనక్స్ డెస్క్‌టాప్‌కు అది చాలు, దాన్ని తీసి క్రోనీ పెట్టాల్సిన పని లేదు. ఆగిపోయే ముందటి సమయాన్ని ఒక ఫైలులో దాచుకునే అలవాటు కూడా దానికుంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల ఓపెన్ఎన్టీపీడీ అమరిక నాలుగు గీతల్లో అయిపోతుంది, భద్రత మీద శ్రద్ధ ఎక్కువ, సూక్ష్మత మీద ఆశ తక్కువ. బీఎస్‌డీ వాడేవారు దాన్నే వాడుకోవచ్చు. ఎన్టీపీసెక్ అన్నది ఎన్టీపీడీని శుభ్రం చేసిన శాఖ. పాత అమరికలు మార్చకుండా కొనసాగించాలంటే దాన్ని చూడవచ్చు.

పై సమయం ఎవరిది?

మన దేశంలో ఈ ప్రశ్నకు చట్టం వైపు నుంచి సగం జవాబు ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవాసంస్థలు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్టీపీ సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో కలపాలి. పలు దేశాల్లో యంత్రాలున్న సంస్థలు వేరే ప్రామాణిక సమయాన్ని వాడవచ్చు, అయితే అది వీటి నుంచి పక్కకు పోకూడదు. లాగులను 180 రోజులు భద్రపరచాలన్న షరతూ ఆ ఆదేశాల్లోనే ఉంది. ఒకదానికొకటి పొసగని సమయాలతో ఆరు నెలల లాగులు దాచి ఏం లాభం? ఎన్ఐసీ సర్వర్లు సమయ్1, సమయ్2 అనే పేర్లతో, భౌతిక ప్రయోగశాల సర్వరు టైమ్ అనే పేరుతో వాటి సొంత డొమైన్లలో ఉన్నాయి. కంపెనీగా నమోదైన ఎవరైనా ముందుగా వీటినే పెట్టుకోవాలి.

అయితే వాటి మీదే ఆధారపడమని నేను చెప్పను. సర్వర్ల సంఖ్య విషయంలో లెక్క సులువు. ఒకటే అయితే అది తప్పినా తెలియదు. రెండైతే తేడా తెలుస్తుంది కానీ ఎవరిది తప్పో తెలియదు. మూడైతే తప్పిన ఒకదాన్ని పక్కనబెట్టవచ్చు. నాలుగుంటే అందులో ఒకటి అందకపోయినా ఆ బలం పోదు. ఇది పుస్తకాల భయం కాదనడానికి 2012 నవంబరు 19 సాక్ష్యం. ఆ రోజు అమెరికా నౌకాదళ ఖగోళశాల సర్వర్లు కాసేపు 2000 సంవత్సరాన్ని చెప్పాయి. ఆ మాటనే నమ్ముకున్న విండోస్ డొమైన్లు పన్నెండేళ్లు వెనక్కు పోయాయి. కాబట్టి ఎన్ఐసీవి రెండు, భౌతిక ప్రయోగశాలది ఒకటి, పూల్ ప్రాజెక్టులోని భారత విభాగం నుంచి ఒకటి రెండు కలిపి పెట్టండి. 2003లో మొదలైన ఈ పూల్ స్వచ్ఛంద సర్వర్ల గుంపు, మీకు దగ్గరున్నవాటికి పంపుతుంది.

కలపకూడనివీ ఉన్నాయి. భూభ్రమణంతో సమయాన్ని కలపడానికి అప్పుడప్పుడూ అదనంగా చేర్చే లీపు సెకను వచ్చినప్పుడు గూగుల్, అమెజాన్ సర్వర్లు ఆ సెకనును రోజంతా కొద్దికొద్దిగా పూస్తాయి, మిగతావి చాలావరకు ఒక్కసారిగా చేరుస్తాయి. రెండు రకాలూ ఒకే జాబితాలో ఉంటే ఆ రోజు అర సెకను దాకా కొట్లాట. చివరి లీపు సెకను 2017 జనవరి 1న మన సమయం ఉదయం ఐదున్నరకు ముందు వచ్చింది. 2035 నాటికి ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో అంతర్జాతీయంగా తీర్మానించారు కూడా. అయినా అప్పటివరకు గూగుల్‌ను పెడితే గూగుల్‌నే పెట్టండి, లేదా అసలు పెట్టకండి.

ఎన్టీపీ మామూలు జవాబుకు సంతకం ఉండదు, దారిలో ఎవరైనా మార్చవచ్చు. దీనికి విరుగుడుగా 2020లో ఎన్టీఎస్ ప్రమాణమైంది. క్రోనీ నాలుగో రూపం నుంచి దాన్ని అర్థం చేసుకుంటుంది, క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్లు దాన్ని అందిస్తున్నాయి. పైవాటిలో ఒకటి అలాంటిది ఉంటే ధైర్యం. ఫైర్‌వాల్‌లో ఎన్టీపీ వాడే యూడీపీ 123 పోర్టుతో పాటు ఎన్టీఎస్ వాడే టీసీపీ 4460 పోర్టు కూడా బయటికి తెరవాలి.

జీపీఎస్ ఎప్పుడు?

ఇంటర్నెట్ అసలే లేని, ఉండకూడని నెట్‌వర్క్ అయితే. విద్యుత్ కేంద్రం, రక్షణ ప్రయోగశాల, కర్మాగారంలో విడిగా ఉంచిన నియంత్రణ నెట్‌వర్క్ ఇలాంటివి. మిగతావారికి అది సరదా.

సరదాకు కొనేవారు కూడా ఒకటి తెలుసుకోవాలి. యూఎస్‌బీకి తగిలించే చవక జీపీఎస్ రిసీవరు సమయాన్ని అక్షరాల వాక్యంగా పంపుతుంది, ఆ వాక్యం చేరడంలో పదుల నుంచి వందల మిల్లీసెకన్ల ఊగిసలాట ఉంటుంది. ఇంటర్నెట్ మీది ఎన్టీపీ దీనికన్నా మెరుగు! కావలసింది సెకనుకొక విద్యుత్ స్పందన ఇచ్చే పీపీఎస్ తీగ ఉన్న రిసీవరు. దాన్ని సీరియల్ పోర్టుకో, రాస్ప్‌బెర్రీ పై పిన్నుకో కలిపితే మైక్రోసెకన్ల స్థాయి వస్తుంది. యాంటెన్నాకు ఆకాశం కనబడాలి, అంటే మేడ మీదికి తీగ, పిడుగు రక్షణ, భవనం యజమాని అనుమతి. ఖర్చులో పెద్ద భాగం అక్కడే పోతుంది. పాత రిసీవర్లు అస్సలు కొనకండి. జీపీఎస్ వారాల లెక్క 1024కు చేరగానే సున్నాకు వస్తుంది, 2019 ఏప్రిల్ 6న అలా తిరిగినప్పుడు కొన్ని పాత పెట్టెలు దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కు పోయాయి.

మన దేశపు ఉపగ్రహ దిశానిర్దేశ వ్యవస్థ నావిక్ సంగతి అడిగేవారుంటారు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో స్వదేశీ రుబీడియం పరమాణు గడియారం ఉంది. జీపీఎస్‌తో పాటు నావిక్ సంకేతాన్ని కూడా అందుకునే రిసీవరు దొరికితే అదే తీసుకోండి, ఒక వ్యవస్థ తప్పినా మరొకటి ఉంటుంది.

పీటీపీ

ఐట్రిపుల్ఈ 1588 అనే ఈ ప్రమాణం 2002లో వచ్చింది, 2008లోనూ 2019లోనూ మారింది. ఎన్టీపీకి సమయం నమోదు చేసేది ఎక్కువగా సాఫ్ట్‌వేరు, ప్యాకెట్టు నెట్‌వర్క్ కార్డుకు చేరేలోపు, స్విచ్చులో వరుసలో నిలబడేలోపు జరిగే ఆలస్యం దానికి తెలియదు. పీటీపీలో కార్డే నమోదు చేస్తుంది, దారిలోని స్విచ్చులు కూడా తమ దగ్గర ఎంత ఆలస్యమైందో చెబుతాయి. అలా మైక్రోసెకను లోపలికి చేరవచ్చు.

ఈ లాభమంతా పరికరాల మీదే ఆధారపడి ఉంది. ఇంటెల్ ఐ210 లాంటి కార్డు, పీటీపీ తెలిసిన స్విచ్చులు, ఒక మంచి మూలం, అన్నీ ఉండాలి. మామూలు స్విచ్చు మీద పీటీపీ పెడితే ఎన్టీపీ కన్నా పెద్దగా మెరుగేమీ కనబడదు, తలనొప్పి మాత్రం ఎక్కువ. వైఫై మీద దాని ఊసు వద్దు. డబ్బు పెట్టే ముందు క్రోనీలో హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపింగ్‌ను, అంటే కార్డే సమయం నమోదు చేయడాన్ని, ఆన్ చేసి చూడండి. కార్డు అనుకూలిస్తే ఎన్టీపీతోనే మైక్రోసెకను దరిదాపులకు రావచ్చు.

స్టూడియోలో డాంటే, ఏఈఎస్67 ధ్వని పరికరాలుంటే మాత్రం ఎంపిక మీ చేతిలో లేదు, అవి తమలో తాము పీటీపీ వాడుకుంటాయి. అందులో డాంటే వాడేది పాత 2002 రూపం, ఏఈఎస్67 వాడేది 2008 రూపం. రెండూ ఒకదాన్నొకటి గుర్తించవు, ఆ లంకె పరికరం వైపు అమరికల్లో కుదర్చాలి. లైనక్స్ మీద లైనక్స్‌పీటీపీ వాడేవారికి ఒక హెచ్చరిక: పీటీపీ నడిచేది అంతర్జాతీయ పరమాణు సమయం మీద, అది మామూలు సమయానికి 37 సెకన్లు ముందుంటుంది. యంత్రం సరిగ్గా 37 సెకన్లు తప్పు చూపిస్తే స్ఫటికాన్ని తిట్టకండి, ఆ సవరణ ఎక్కడో చేరలేదు.

తప్పు అంకెలే జాడ చెబుతాయి

అలాంటి గుర్తులు మరికొన్ని ఉన్నాయి. సరిగ్గా ఐదున్నర గంటల తేడా వస్తే అది గడియారం తప్పు కాదు. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉంచుతుంది, లైనక్స్ ప్రపంచ సమయం ఉంచుతుంది. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉంటే ఒకటి తెరిచి వచ్చాక ఇంకోటి ఐదున్నర గంటలు తప్పుతుంది. లైనక్స్‌కు స్థానిక సమయం అని చెప్పడం కన్నా విండోస్‌కు ప్రపంచ సమయం అని చెప్పడం మంచిది. 18 సెకన్ల తేడా అయితే జీపీఎస్ సమయాన్ని సవరించకుండా వాడుతున్నారు. కరెంటు పోయినప్పుడల్లా కొన్నేళ్లు వెనక్కు పోయే కంప్యూటర్‌కు కావలసింది కొత్త సీఆర్2032 బ్యాటరీ.

వర్చువల్ యంత్రాలకు ఇద్దరు యజమానులు ఉండకూడదు. అతిథి యంత్రం గడియారాన్ని ఒకవైపు దాన్ని నడిపే హైపర్‌వైజర్, మరోవైపు ఎన్టీపీ దిద్దితే అది ఊగుతూనే ఉంటుంది. హైపర్‌వైజర్ యంత్రానికి క్రోనీ పెట్టి, లోపలివాటిలో ఏదో ఒక్క దారిని ఉంచండి. డొమైన్ కంట్రోలరు కూడా వర్చువల్ యంత్రమే అయి, దాన్ని నడిపే హైపర్‌వైజర్ అదే డొమైన్ నుంచి సమయం అడుగుతుంటే ఇద్దరూ ఒకరిమీద ఒకరు వాలి కలిసి పక్కకు జారతారు. కంటెయినర్లకు విడిగా ఏమీ అక్కర్లేదు, గడియారం వాటిది కాదు, అవి నడిచే యంత్రానిది.

సీసీటీవీ రికార్డరు, బయోమెట్రిక్ హాజరు యంత్రం, నెట్‌వర్క్ ప్రింటరు ఎవరికీ గుర్తుండవు. నిజానికి పోలీసులకు ఇవ్వాల్సిన దృశ్యం మీద సమయం పదకొండు నిమిషాలు తప్పుంటే ఎవరు ఎప్పుడు వచ్చారన్న వాదన అక్కడే కూలుతుంది. వాటి అమరికల్లో ఎన్టీపీ చిరునామా గడి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మీ లోపలి సర్వరు చిరునామా చేత్తో నింపండి, యంత్రాలకు నెట్‌వర్క్ అమరికలు పంచే డీహెచ్‌సీపీ ద్వారా పంపే చిరునామాను వాటిలో చాలావరకు పట్టించుకోవు. విండోస్ కూడా పట్టించుకోదు.

ఇక ఎవరికి ఏది

ఇల్లు, చిన్న దుకాణం: ఏమీ చేయకండి, విండోస్ అడిగే వ్యవధి మాత్రం తగ్గించండి.

యాభై యంత్రాల లోపు, డొమైన్ లేని ఆఫీసు: సమయం పంచగల ఫైర్‌వాల్, పైన నాలుగు సర్వర్లు.

విండోస్ డొమైన్: పీడీసీ ఎమ్యులేటర్‌కు ఎన్ఐసీ, భౌతిక ప్రయోగశాల చిరునామాలు ఇచ్చి వదిలేయవచ్చు. మధ్యలో క్రోనీ యంత్రం పెట్టి కంట్రోలరును దానికి చూపడం ఇంకా నయం, ఎందుకంటే బయటి మాటలు పోల్చి తూచడంలో విండోస్ సేవ కన్నా అది చాలా మెరుగు.

కళాశాల, ఆస్పత్రి, కర్మాగారం: రెండు క్రోనీ యంత్రాలు, వేర్వేరు యూపీఎస్‌ల మీద, ఒకదానికొకటి కూడా సమయం చెప్పుకుంటూ, ఆర్ఫన్ అమరికతో. రెండింటికీ లైను ఒకటే అయినా పర్వాలేదు. బయటి లైను లేని నెట్‌వర్క్ అయితే ఆ రెండింటిలో ఒకదానికి పీపీఎస్ ఉన్న జీపీఎస్ తగిలించండి.

స్టూడియో, సబ్‌స్టేషన్, షేర్ల వ్యాపారం: పీటీపీ. దాని లెక్కలు పరికరాలు అమ్మేవారితో కూర్చుని కాగితం మీద రాయించుకున్నాకే కొనండి.

ఏది పెట్టినా వారం తర్వాత ఒకసారి చూడండి. క్రోనీలో ట్రాకింగ్ అనే ఆదేశం ప్రస్తుత తేడాను, స్ఫటికం పది లక్షలకు ఎంత తప్పుతోందో చెబుతుంది, సోర్సెస్ అనే ఆదేశం ఎవరిని నమ్ముతోందో, ఎవరిని తప్పుడు గడియారమని పక్కనబెట్టిందో చూపిస్తుంది. నమ్ముతున్న సర్వరు పక్కన నక్షత్రం గుర్తు, తప్పుడుదాని పక్కన చిన్న ఎక్స్ గుర్తు ఉంటాయి. అన్నింటి పక్కన ప్రశ్నార్థకమే ఉందంటే సాధారణంగా ఫైర్‌వాల్ 123ను ఆపుతోంది. ఇక తేడా పెరిగినప్పుడు కబురు పంపేలా మీ పర్యవేక్షణ సాధనంలో 50 మిల్లీసెకన్ల హద్దు పెట్టుకుంటే, లాగిన్లు ఆగిపోవడానికి చాలా ముందే మీకు తెలుస్తుంది.